పేరు ఒకటి, లాట్ నంబరు ఒకటి

జూన్ వచ్చిందంటే గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేటల్లో విత్తనాల కొట్ల ముందు రద్దీ మొదలవుతుంది. పత్తి ప్యాకెట్టో మిరప ప్యాకెట్టో కొన్న రైతు బిల్లును భద్రంగా దాచుకుంటాడు. రేపు మొలక సరిగా రాకపోయినా, చెట్టు ఏపుగా పెరిగి కాయ కాయకపోయినా, అధికారుల ముందు పనికొచ్చేది ప్యాకెట్ మీది రకం పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే లాట్ నంబరు. అదే పేరుతో పక్క ఊళ్లో అమ్మిన విత్తనం వేరే లాట్‌ది కావచ్చు. పేరు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. నకిలీ విత్తనాలతో మునిగిన పల్నాడు రైతుకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ అధ్యాయం విత్తనాల గురించి కాదు, సాఫ్ట్‌వేర్ కంటైనర్ల గురించి. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా డెవాప్స్, డాకర్, కుబర్నెటీస్ కోర్సుల బోర్డులే. సత్తెనపల్లి నుంచి, దర్శి నుంచి, మార్కాపురం నుంచి ఇంజినీరింగ్ పూర్తిచేసి వచ్చిన పిల్లలు అక్కడ నల్ల తెర ముందు కూర్చుని పాతికో ముప్ఫయ్యో ఆదేశాలు నేర్చుకుంటారు. నేర్చుకుంటారు అనడం కన్నా బట్టీ పడతారు అనడం న్యాయం. ఇంటర్వ్యూలో అడిగితే టకటకా చెబుతారు. ఆ ఆదేశం దేన్ని కదిలిస్తోంది అంటే తడబడతారు. తప్పు పిల్లలది కాదు. ఇమేజికీ కంటైనర్‌కీ తేడా చెప్పే పాఠం అరగంటలో ముగించి, ఆదేశాల పట్టిక పంచిపెట్టే పద్ధతిది.

ముందు సమస్య చూద్దాం. మిర్చి దాచే శీతల గిడ్డంగికి లెక్కల ప్రోగ్రాం ఒకటి కావాలనుకుందాం. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టాడు, రకం తేజానా 341నా, ఏ తేదీన వచ్చాయి, అద్దె ఎంతయింది అన్నవి అందులో ఉండాలి. వడ్లమూడిలో చదివే కుర్రాడొకడు తన ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో రాశాడు. చక్కగా నడిచింది. గిడ్డంగి ఆఫీసులో ఉన్న కంప్యూటర్ మీద పెడితే మొరాయించింది. అక్కడి పైథాన్ పాతది. ఒక లైబ్రరీ లేనే లేదు. ఇంకో లైబ్రరీ ఉంది కానీ జీతాల ప్రోగ్రాంకు దాని పాత వెర్షనే కావాలి. కొత్తది ఎక్కిస్తే జీతాలు ఆగిపోతాయి. "నా సిస్టమ్‌లో నడిచిందండీ" అంటాడు కుర్రాడు. "అయితే నీ సిస్టమే ఇక్కడ పెట్టి పో" అంటాడు గుమాస్తా.

గుమాస్తా వెటకారంగా అన్నాడు గానీ, పరిష్కారం సరిగ్గా అదే. ప్రోగ్రాంతో పాటు దానికి కావలసిన పైథాన్, లైబ్రరీలు, సెట్టింగుల ఫైళ్లు అన్నీ ఒకే మూటగా కట్టి పంపడం. ఆ మూటే ఇమేజి. ఇమేజి విత్తనం లాంటిది. దానంతట అది ఏ పనీ చేయదు. దాన్ని ఒక కంప్యూటర్‌లో నాటి నడిపిస్తే పైకి వచ్చేది కంటైనర్. ఒక్క ఇమేజి నుంచి పది కంటైనర్లు నడపొచ్చు. పదింటినీ పీకేసినా ఇమేజికి ఏమీ కాదు. అయితే ఈ విత్తనం అసలు విత్తనం కన్నా ఒక విధంగా మెరుగైనది: ఎన్నిసార్లు నాటినా ఒకే మొక్క వస్తుంది. ఇంకో విధంగా బలహీనమైనది: ఒక కంప్యూటర్‌లో నాటిన మొక్కలన్నిటికీ నేల ఒక్కటే. ఆ నేల లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే కెర్నెల్. దానికి తెగులు సోకితే అందరికీ సోకుతుంది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్ మెషీన్‌లో అయితే ప్రతి ప్రోగ్రాంకూ సొంత కెర్నెల్ ఉంటుంది. భద్రత ఎక్కువే, కానీ గిగాబైట్ల కొద్దీ స్థలం, మెమరీ మింగుతుంది. గిడ్డంగి ఆఫీసులోని పాత కంప్యూటర్ అంత బరువు మోయలేదు.

ఇక్కడ ఒక అపోహ తుడిచేయాలి. కంటైనర్ అనగానే చాలామంది లోపల ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుందనుకుంటారు. లేదు. అది మామూలు ప్రోగ్రామే, కెర్నెల్ దాని చుట్టూ గోడలు కట్టింది, అంతే. లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఒక కంటైనర్ నడిపి, బయటి తెర మీద పీఎస్ ఆదేశం ఇచ్చి చూడండి. కంటైనర్‌లోని ప్రోగ్రాం మిగతా వాటి మధ్యలో నాలుగైదు అంకెల నంబరుతో కనిపిస్తుంది. అదే ప్రోగ్రాంను లోపలికి వెళ్లి అడిగితే తన నంబరు 1 అంటుంది. ఆ కంప్యూటర్‌లో తానొక్కటే ఉన్నాననీ, ఫైళ్లన్నీ తనవేననీ అనుకుంటుంది. ఇలా నమ్మించే ఏర్పాటును నేమ్‌స్పేస్ అంటారు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోని క్రూట్ దీనికి తాతలాంటిది. అది ఫైళ్ల చెట్టులో ఒక కొమ్మను మాత్రమే చూపించి అదే మొత్తం చెట్టని నమ్మించేది. 2000లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో జైళ్లు వచ్చాయి. లైనక్స్‌లో మొదటి నేమ్‌స్పేస్ 2002లో చేరింది.

కళ్లకు గంతలు కడితే సరిపోదు, తిండికి కొలత కూడా ఉండాలి. ఒక ప్రోగ్రాం మెమరీ అంతా తినేస్తే పక్కవి పస్తులుంటాయి. ఈ కొలత పెట్టే పని 2006లో గూగుల్‌లో పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టారు. దాన్ని ముందు ప్రాసెస్ కంటైనర్లు అన్నారు, తర్వాత కంట్రోల్ గ్రూప్స్ అని మార్చారు. 2008 జనవరిలో విడుదలైన లైనక్స్ 2.6.24లో అది చేరింది. అమీర్‌పేట పాఠాల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఆ కొలతల్లో రెండు ముఖ్యమైన భాగాలు మనకు దగ్గర్లోనే, బెంగళూరు ఐబీఎం లైనక్స్ టెక్నాలజీ సెంటర్‌లో తయారయ్యాయి. ప్రాసెసర్ సమయాన్ని గుంపుల వారీగా పంచే పని మీద శ్రీవత్స వడ్డగిరి, మెమరీకి హద్దు పెట్టే భాగం మీద బల్బీర్ సింగ్ పనిచేశారు. మెమరీ భాగం ఆ తర్వాతి వెర్షన్ 2.6.25లో వచ్చింది. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ ఎవరు డాకర్ అనే కంటైనర్ సాధనంతో "డాకర్ రన్ -ఎం 256ఎం" అని కొట్టినా, అంటే 256 మెగాబైట్లు దాటనివ్వకు అని చెప్పినా, నడిచేది ఆ దారినే. హద్దు దాటిన కంటైనర్ ఠక్కున ఆగిపోయి 137 అనే అంకె చూపిస్తుంది. 128కి 9 కలిపితే వచ్చే అంకె అది. 9 అంటే యూనిక్స్‌లో మాటా పలుకూ లేకుండా చంపేసే సంకేతం. అది చూసి ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు. తప్పు ప్రోగ్రాంలో కాకుండా, పెట్టిన హద్దులో ఉండొచ్చు.

మరి డాకర్ చేసిందేమిటి? గోడలు అది కట్టలేదు, అప్పటికే ఉన్నాయి. 2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సభలో డాట్‌క్లౌడ్ కంపెనీకి చెందిన సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో దాన్ని చూపించాడు. డాకర్ గొప్పతనం మూట కట్టే పద్ధతిలో ఉంది, దానికి తగిలించిన పొట్టి ఆదేశాల్లో ఉంది. అంతకు ముందు పది మెట్లెక్కితే గానీ జరగని పని ఒక్క వాక్యంతో జరిగింది. 2015 జూన్‌లో ఓపెన్ కంటైనర్ ఇనీషియేటివ్ ఏర్పడి, మూట ఎలా ఉండాలన్నది ఒక కంపెనీ సొత్తు కాకుండా అందరి ప్రమాణం అయింది. అందుకే రెడ్ హ్యాట్ తయారుచేసిన పాడ్‌మన్ కూడా అవే ఇమేజిలను, దాదాపు అవే ఆదేశాలతో నడుపుతుంది.

ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోదగ్గది. డాకర్ అని తెర మీద టైపు చేసినప్పుడు ఆ ఆదేశం స్వయంగా ఏమీ చేయదు. వెనక ఎప్పుడూ మేలుకుని ఉండే ఒక సేవకు కబురు పంపుతుంది. ఆ సేవ మామూలుగా రూట్ అధికారంతో నడుస్తుంది, అంటే కంప్యూటర్‌లో అది చేయలేని పని లేదు. కాబట్టి కాలేజీ ల్యాబులో సుడో, అంటే రూట్ అనుమతి, అడుగుతోందని విసుక్కుని విద్యార్థులందరినీ డాకర్ గుంపులో చేర్చడమంటే అందరికీ రూట్ తాళం చెవి ఇచ్చేసినట్టే. ఈ ముక్క డాకర్ వాళ్ల పత్రాల్లోనే హెచ్చరికగా ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. పాడ్‌మన్‌కు అలాంటి కేంద్ర సేవ లేదు. మామూలు యూజర్ హక్కులతోనే కంటైనర్ నడుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేనైతే పాడ్‌మనే చెబుతాను.

ఇక ఆదేశాలు. "పుల్" ఇమేజిని తెస్తుంది. "రన్" దాని నుంచి కంటైనర్‌ను పుట్టిస్తుంది. ఇమేజి దగ్గర లేకపోతే తనే తెచ్చుకుంటుంది. "పీఎస్" నడుస్తున్న కంటైనర్లను చూపిస్తుంది. ఆగిపోయినవి కూడా చూడాలంటే "పీఎస్ -ఏ" అనాలి. ఈ ఒక్క అక్షరం తెలియక, ఆగిపోయిన కంటైనర్లు డిస్కు నిండా పేరుకుపోయినా కనిపెట్టలేకపోతారు. "లాగ్స్" ప్రోగ్రాం ఏమేం గొణిగిందో వినిపిస్తుంది, "ఎగ్జెక్" నడుస్తున్న కంటైనర్ లోపలికి తీసుకెళ్తుంది. "స్టాప్" ముందు మర్యాదగా ఆగమంటుంది, 10 సెకన్లు చూస్తుంది, అప్పటికీ ఆగకపోతే 9 నంబరు సంకేతం పంపుతుంది. "ఆర్‌ఎం" కంటైనర్‌ను తీసేస్తుంది, "ఆర్‌ఎంఐ" ఇమేజిని.

పేరు సంగతికి వద్దాం, అసలు కిటుకు అక్కడుంది. ఇమేజి పేరు పక్కన కోలన్ పెట్టి రాసేది ట్యాగు. పైథాన్ కోలన్ 3.12 అంటే 3.12 అనే లేబుల్ తగిలించిన ఇమేజి. ఆ లేబుల్‌ను తయారీదారు ఎప్పుడైనా పీకి కొత్త మూటకు తగిలించొచ్చు. ఇందులో మోసం లేదు; భద్రతా లోపాలు సరిచేసినప్పుడల్లా అలాగే చేస్తారు. నిన్న తెచ్చిన 3.12, వచ్చే నెల తెచ్చే 3.12 ఒకటే కానక్కర్లేదు. ట్యాగు రాయకపోతే డాకర్ దానంతట అది "లేటెస్ట్" అని చేర్చుకుంటుంది. ఆ మాట నమ్మి చాలామంది మోసపోయారు. అది ఒట్టి పేరే. కొత్తది ఏదో డాకర్ వెతికి పెట్టదు. ఆ లేబుల్ తగిలించడం తయారీదారు మరిచిపోతే లేటెస్ట్ అన్నదే అన్నిటికన్నా పాతది కావచ్చు.

లాట్ నంబరుతో సమానమైనది డైజెస్ట్. ఇమేజి వివరాలన్నిటినీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత సూత్రంలోంచి పంపితే 64 గుర్తుల వరస వస్తుంది. మూటలో ఒక్క బిట్ మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. విత్తనాల లాట్ నంబరును సంచీ మీద అచ్చు వేస్తారు కాబట్టి దాన్నీ నకిలీ చేయొచ్చు. డైజెస్ట్ విత్తనంలోంచే పుడుతుంది కాబట్టి మార్చడం కుదరదు. 2016 ఫిబ్రవరిలో వచ్చిన డాకర్ 1.10 నుంచి ఇమేజిలను, వాటి పొరలను గుర్తించేది ఈ పద్ధతిలోనే. "డాకర్ ఇమేజెస్ --డైజెస్ట్స్" అంటే చూపిస్తుంది. గిడ్డంగి ప్రోగ్రాం లాంటి, నెలల తరబడి ఎవరూ ముట్టుకోని వాటికి ట్యాగుకు బదులు డైజెస్ట్ రాయడం మంచిది. ఎప్పుడు తెచ్చినా అదే ఇమేజి వస్తుంది. అయితే భద్రతా సవరణలు వాటంతట అవి రావడం ఆగిపోతాయి. అప్పుడప్పుడు పనిగట్టుకుని కొత్త డైజెస్ట్‌కు మారాలి. ఇంకో మాట: డైజెస్ట్ చెప్పేది ఇది అదే అని మాత్రమే, ఇది మంచిది అని కాదు. పురుగు పట్టిన ఇమేజికి కూడా నికార్సైన డైజెస్ట్ ఉంటుంది.

ఇమేజి ఒకే ముద్ద కాదు, పొరల దొంతర. అడుగున డెబియన్, దాని మీద పైథాన్, దాని మీద లైబ్రరీలు, అన్నిటికన్నా పైన మన ప్రోగ్రాం. తయారీ వివరాలు డాకర్‌ఫైల్ అనే చిన్న ఫైల్లో వరసగా రాస్తాం. ఏదైనా వరస మారితే ఆ పొరా, దాని పైవీ మాత్రమే మళ్లీ కడతారు. అందుకే అరుదుగా మారేవి ముందు, రోజూ మారే మన కోడ్ చివర రాయాలి. ఈ క్రమం తిరగబడితే ఒక్క అక్షర దోషం దిద్దినందుకు వందల మెగాబైట్లు మళ్లీ దిగుతాయి. మొబైల్ డేటా మీద బతికే మారుమూల ఆఫీసుకు ఇది చిన్న విషయం కాదు. పొరల్లో ఇంకో మెలిక ఉంది. కింది పొరలో పాస్‌వర్డ్ ఫైలు పెట్టి పై పొరలో చెరిపేస్తే అది కంటికి కనబడదు, అంతేగాని పోదు. ఇమేజిని విప్పి చూసేవాడికి అలాగే దొరుకుతుంది. "డాకర్ హిస్టరీ" ఏ పొర ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత బరువో చెబుతుంది. పెద్ద ఇమేజి చూసి గాభరా పడేముందు కొట్టవలసిన ఆదేశం అది.

తెలుగు నేల మీద నడిచే కంటైనర్‌కు ప్రత్యేకంగా వచ్చే తిప్పలు రెండున్నాయి. అమెరికా పుస్తకాల్లో వీటికి పెద్దగా చోటుండదు. మొదటిది గడియారం. ఇమేజిల్లో కాలం సాధారణంగా యూటీసీలో ఉంటుంది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. ఆఫీసు వేళల్లో పనిచేసే ప్రోగ్రాంకు తేదీ వరకు తేడా తెలియదు. మిర్చి మాత్రం రాత్రిళ్లు కదులుతుంది. సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు గుంటూరు యార్డుకు ఒక్క రోజులో లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. పొద్దున్నే జరిగే వేలానికి అందాలని లారీలు, ట్రాక్టర్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. రాత్రి 2 గంటలకు గేటు దగ్గర నమోదు చేసిన సరుకుకు యూటీసీ ప్రకారం సమయం ముందు రోజు రాత్రి 8:30. అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 దాకా వచ్చిన ప్రతి బస్తాకూ నిన్నటి తేదీ పడుతుంది. గిడ్డంగి అద్దె, వడ్డీ లెక్కలు ఒక రోజు వెనక్కి జరుగుతాయి. రన్ ఆదేశంలో టీజెడ్ అనే విలువకు ఏషియా/కోల్‌కతా అని ఇస్తే సరిపోతుంది. అయితే ఆల్పైన్ లాంటి బక్క ఇమేజిలో టైమ్‌జోన్ల సమాచారమే ఉండదు. టీజెడ్‌డేటా ప్యాకేజీ విడిగా ఎక్కించాలి. ఎక్కించకపోతే తప్పు జరిగిందని కూడా చెప్పదు, కిక్కురుమనకుండా యూటీసీనే చూపిస్తుంది.

రెండోది అక్షరాలు. రసీదు పీడీఎఫ్ తెలుగులో అచ్చయ్యేలా రాస్తే, కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ముత్యాల్లాంటి అక్షరాలు, కంటైనర్‌లో వరసగా ఖాళీ డబ్బాలు. ఇమేజిని చిన్నది చేయడానికి ఫాంట్లన్నీ పీకేసి ఉంటారు కదా. డెబియన్ మీద కట్టిన ఇమేజి అయితే లోహిత్ తెలుగు గానీ, పోతన, వేమన ఫాంట్లు గానీ డెబియన్ భండారంలోనే ఉన్నాయి. డాకర్‌ఫైల్‌లో ఒక్క వరస చేర్చాలి. అచ్చు వేసే లైబ్రరీకి ఒత్తులు, గుణింతాలు కూర్చడం కూడా రావాలి. అది రానిదైతే ఫాంటు ఉన్నా ఒత్తు అక్షరం కిందికి చేరక పక్కన పడుతుంది. రెండు తిప్పలకూ కారణం ఒకటే: మన యంత్రంలో అడక్కుండానే ఉన్నవన్నీ మూటలో ఉంటాయనుకోవడం.

రైతుల లెక్కలు ఎక్కడ ఉండాలి? కంటైనర్‌లో ఉండకూడదు. కంటైనర్ రాసుకునేదంతా ఇమేజి పైన ఉన్న పలుచటి పొర మీద పడుతుంది. "ఆర్‌ఎం" అనగానే ఆ పొర మాయమవుతుంది. దిగుబడిని చేలో వదిలి పంట పీకేసే రైతు ఉండడు కదా. దాని కోసం వాల్యూమ్ అనేది ఉంది. "రన్"లో -వీ అని రాసి, బయటి డిస్కు మీది చోటును లోపలి ఫోల్డర్‌కు తగిలిస్తారు. పాత కంటైనర్ తీసి కొత్త వెర్షన్ పెట్టినా డేటా అక్కడే ఉంటుంది. డిస్కు నిండితే "డాకర్ సిస్టమ్ డీఎఫ్" ఎవరు ఎంత చోటు తిన్నారో చెబుతుంది, "డాకర్ సిస్టమ్ ప్రూన్" ఆగిపోయిన కంటైనర్లను, పేరు లేని ఇమేజిలను, వాడుకలో లేని నెట్‌వర్కులను ఊడ్చేస్తుంది. వాల్యూమ్‌లను మామూలుగా ముట్టుకోదు. "డాకర్ వాల్యూమ్ ప్రూన్" ఉన్నదే వాడుకలో లేని వాల్యూమ్‌లను ఊడ్చడానికి. ఆ ఆదేశం కొట్టేముందు బ్యాకప్ ఎక్కడుందో చూసుకోవాలి.

ఇమేజిని ఊరికి చేర్చడం చివరి పని. ఇమేజిలను నిల్వ ఉంచి పంచే డాకర్ హబ్ 2020 నవంబరులో హద్దులు పెట్టింది: లాగిన్ కాని వాళ్లకు ఒక ఐపీ చిరునామా మీద 6 గంటల్లో 100 పుల్‌లు. ఇంట్లో ఒక్కరికి అది చాలా ఎక్కువ. ల్యాబులోని అరవై కంప్యూటర్లు ఒకే కనెక్షన్ వెనక ఉంటే బయటికి ఒకే చిరునామాగా కనిపిస్తాయి, తలా రెండు ఇమేజిలు తెచ్చుకునేలోపే తలుపు మూసుకుంటుంది. దీనికి ఇంటర్నెట్ ఊసే లేని మందు ఉంది. "డాకర్ సేవ్" ఇమేజిని పొరలతో సహా ఒక టార్ ఫైలుగా రాస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి "డాకర్ లోడ్" అంటే అవతల దిగుతుంది. దీన్ని "ఎక్స్‌పోర్ట్"తో కలగాపులగం చేయకూడదు. ఎక్స్‌పోర్ట్ తీసేది కంటైనర్ ఫైళ్లను. పొరలుండవు, ఏ ప్రోగ్రాంతో మొదలుపెట్టాలన్న సమాచారమూ ఉండదు.

టెక్సస్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య తన కొత్త మ్యాక్‌లో ఇమేజి కట్టి, టార్ ఫైలు ఊళ్లో తమ్ముడికి పంపాడనుకోండి. లోడ్ అవుతుంది. రన్ అనగానే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అంటుంది. ఫైలు చెడిపోలేదు. యాపిల్ 2020 నుంచి ఆర్మ్ ప్రాసెసర్లకు మారింది, ఊళ్లో ఉన్నది ఇంటెల్ జాతి యంత్రం. కంటైనర్‌కు సొంత కెర్నెల్ లేదని ముందే అనుకున్నాం. సొంత ప్రాసెసర్ కూడా లేదు మరి. అన్నయ్య ఇమేజి కట్టేటప్పుడే "--ప్లాట్‌ఫామ్ లైనక్స్/ఏఎండీ64" అని చేర్చి మళ్లీ కట్టి పంపితే తమ్ముడి దగ్గర నడుస్తుంది.